కడుపు క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ అవసరమా?

మిర్యాలగూడ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారికి 61 ఏళ్లు. మూడు నెలలుగా ఆకలి లేదు, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది, 6 కిలోలు తగ్గారు. ఎండోస్కోపీలో కడుపు కింది భాగంలో, అంటే యాంట్రమ్‌లో, పుండు కనిపించింది. ముక్క పరీక్షలో అడినోకార్సినోమా, అంటే క్యాన్సర్, అని వచ్చింది. సీటీలో 'యాంట్రమ్ గోడ మందంగా ఉంది, పక్కన 7-8 మి.మీ. నోడ్లు (లింఫ్ గ్రంథులు) రెండు ఉన్నాయి, లివర్, ఊపిరితిత్తులు నార్మల్' అని రాశారు. హైదరాబాద్‌లో సర్జన్ ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (ఈయూఎస్) చేయించుకుని రమ్మన్నారు. "ఊళ్లో పొట్ట స్కానింగ్ చేస్తే అంతా నార్మల్ అన్నారు. సీటీ కూడా అయింది. మళ్లీ ఇంకో స్కానింగ్ ఎందుకు? ఈలోపు జబ్బు ముదిరిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది డాక్టర్ గారూ" అని రాశారు.

చేయించండి. మీరు చెప్పిన వివరాలను బట్టి మీ నాన్నగారికి ఈ పరీక్ష అవసరమే. పుండు కడుపు గోడలో ఎంత లోతుకు దిగిందో మీ సీటీ తేల్చలేదు. ఆ లోతు తెలిస్తేనే ముందు కీమో ఇవ్వాలా, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లాలా అన్నది నిర్ణయించగలరు. దీనికోసం ఒక వారం ఆగినందువల్ల జబ్బు చేయి దాటిపోదు. ఈ పుండు నిన్న మొన్న పుట్టింది కాదు, నెలల తరబడి పెరిగింది. కాకపోతే నల్లటి విరేచనాలు అవుతున్నా, రక్తపు వాంతి అయినా, తిన్నది తిన్నట్టు కక్కేస్తున్నా ఈ వరసంతా పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

నేను హైదరాబాద్‌లో గ్యాస్ట్రోఎంటరాలజిస్టుగా పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. రోజులో ఎక్కువ భాగం ఈయూఎస్ గదిలోనే గడుస్తుంది. మీ ఫిల్ములు నేను చూడలేదు, మీరు రాసినదాన్ని బట్టే చెబుతున్నాను.

ముందు ఊళ్లో చేసిన స్కానింగ్ సంగతి. పొట్ట మీద జెల్లీ రాసి చేసే స్కానింగూ ఈయూఎస్సూ రెండూ శబ్ద తరంగాలతోనే పనిచేస్తాయి. పోలిక అంతవరకే. పైనుంచి చూసేటప్పుడు చర్మం, కొవ్వు, అన్నిటికన్నా ముఖ్యంగా కడుపులోని గాలి అడ్డొస్తాయి. గాలి ఉన్నచోట అల్ట్రాసౌండ్ ముందుకు పోదు. కాబట్టి ఆ రిపోర్టులో 'నార్మల్' అని ఉందంటే కడుపు గోడ బాగుందని అర్థం కాదు. లివర్‌లో గడ్డలు, పొట్టలో నీరు, ఆడవాళ్లకైతే అండాశయాల్లో గడ్డలు చూడటానికి ఆ స్కానింగ్ పనికొస్తుంది. దాన్ని నమ్ముకుని గ్యాస్ బిళ్లలు మింగుతూ ఐదారు నెలలు గడిపేసి వచ్చేవాళ్లు నాకు ప్రతి నెలా కనిపిస్తారు. చూసినప్పుడల్లా బాధనిపిస్తుంది. నడివయసు దాటినవాళ్లకు కొత్తగా ఆకలి తగ్గి, బరువు పడిపోతుంటే కావాల్సింది ఎండోస్కోపీ. మీరు మూడు నెలలకే చేయించారు, అది మంచి పని.

ఈయూఎస్‌లో స్కానింగ్ పరికరమే కడుపులోకి వెళ్తుంది. ఎండోస్కోపు గొట్టం కొసన చిన్న అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఉంటుంది. లోపలికి చేరాక గాలినంతా లాగేసి, మూడు నాలుగు వందల మి.లీ. నీళ్లు నింపుతాం. నీళ్లలోంచి తరంగాలు చక్కగా పోతాయి. పుండుకు ఒక సెంటీమీటరు దూరంలో ప్రోబ్‌ను ఆపుతాం. ఇంత దగ్గర్నుంచి చూస్తాం కాబట్టి ఎక్కువ ఫ్రీక్వెన్సీ వాడే వీలుంటుంది. పొట్ట మీది స్కానింగ్ సాధారణంగా 3 నుంచి 5 మెగాహెర్ట్జ్‌లో చేస్తారు. మేం 7.5 నుంచి 12 దాకా వాడతాం, మరీ చిన్న మచ్చ అయితే సన్నటి మినీప్రోబ్ దింపి 20 దాకా వెళ్తాం. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ బొమ్మ స్పష్టంగా వస్తుంది, కానీ దూరం కనపడదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ దీని అవసరం పడుతుంది.

మామూలు కడుపు గోడ 3-4 మి.మీ. మందం ఉంటుంది. ఈయూఎస్‌లో అది ఐదు చారలుగా కనపడుతుంది: తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు. లోపలివైపు మొదటి రెండు చారలు మ్యూకోసా. మూడోది, ఆ తెల్లటి చార, సబ్‌మ్యూకోసా. నాలుగో నల్ల చార కండరం. చివరి తెల్లది సబ్‌సీరోసా, బయటి పొర సీరోసా కలిసిన చార. క్యాన్సర్ నల్లగా కనపడుతుంది. ఆ నలుపు ఏ చారను చెరిపేసింది, ఏ చార దగ్గర ఆగింది అన్నదే మేం కళ్లార్పకుండా చూసేది. ఇంటి గోడకు చెమ్మ పట్టినప్పుడు మేస్త్రి గీకి చూస్తాడు కదా, సున్నం వరకేనా, ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి దిగిందా, అవతలి వైపుకు వచ్చేసిందా అని. దాన్నిబట్టే ఎంత పగలగొట్టాలో చెబుతాడు. ఇక్కడా అదే లెక్క.

డాక్టర్లు దీన్ని టి అక్షరంతో రాస్తారు. మ్యూకోసాలోనే ఆగితే టి1ఏ. సబ్‌మ్యూకోసాకు దిగితే టి1బి. కండరంలోకి వెళ్తే టి2. కండరం దాటి సబ్‌సీరోసాకు చేరితే టి3. సీరోసాను చీల్చుకుని బయటికి వస్తే టి4ఏ, పక్కనున్న క్లోమాన్నో పెద్దపేగునో పట్టుకుంటే టి4బి.

ఈ అంకె మారితే వైద్యం మొత్తం మారిపోతుంది. టి1ఏ అయి, మచ్చ చిన్నదై, కణాల రకం కూడా అనుకూలంగా ఉంటే కడుపు కోయక్కర్లేదు. గొట్టంతోనే ఆ పొరను చెక్కి తీసేయవచ్చు. దీన్ని ఈఎస్‌డీ అంటారు. టి1బి అయి నోడ్లు లేవనిపిస్తే సాధారణంగా నేరుగా ఆపరేషన్. టి2, ఆపైన, లేదా నోడ్లకు పాకిందన్న అనుమానం ఉంటే, మనిషి తట్టుకోగలిగితే, ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేసి మళ్లీ కీమో ఇవ్వడం ఇవాళ్టి పద్ధతి. ఇది ఊరికే వచ్చిన పద్ధతి కాదు. జర్మనీలో 716 మందితో చేసిన ఫ్లాట్4 అధ్యయనం 2019లో వెలువడింది. అందులో తీసుకున్నది సరిగ్గా ఇలాంటివాళ్లనే: టి2, ఆపైన, లేదా నోడ్లు ఉన్నవాళ్లు. ఆపరేషన్‌కు ముందు నాలుగు విడతలు, తర్వాత నాలుగు విడతల చొప్పున ఫ్లాట్ అనే నాలుగు మందుల కీమో ఇస్తే మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది దాటిన కాలం, 50 నెలలు వచ్చింది. పాత కీమోతో అది 35 నెలలే. మీ సర్జన్ ఆపరేషన్ డేట్ ఇవ్వకుండా ఈయూఎస్ అడిగారంటే ఈ లెక్క ఆయన మనసులో ఉందన్నమాట. డబ్బు గుంజడానికి రాశారని అనుకోకండి.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. ఎల్బీనగర్ వైపు నుంచి ఒక టీచరమ్మ, యాభై నాలుగేళ్లు. ఎండోస్కోపీలో ఒకటిన్నర సెంటీమీటరు ఎర్రటి మచ్చ, ముక్క పరీక్షలో క్యాన్సర్. ఇంట్లో అందరూ కడుపు తీసేస్తారని మానసికంగా సిద్ధపడిపోయి వచ్చారు. మినీప్రోబ్‌తో చూస్తే మూడో తెల్ల చార ఎక్కడా తెగలేదు, చివరిదాకా గీత గీసినట్టు ఉంది. నేను ఆ బొమ్మను ఆవిడ కొడుక్కి స్క్రీన్ మీదే చూపించాను. ఈఎస్‌డీ చేశాం. తీసిన ముక్కను పాథాలజిస్టు పరీక్షించి మ్యూకోసా దాటలేదని, అంచులు శుభ్రంగా ఉన్నాయని రాశారు. ఆవిడ మూడో రోజు ఇంటికెళ్లారు, ఇప్పటికీ ఏడాదికోసారి చెకప్‌కు వస్తారు. ఇలాంటివి మన దగ్గర తక్కువ. మన దేశంలో ఎక్కువమంది ముదిరాకే వస్తున్నారు. అందుకే తొలిదశలో దొరికిన ఒక్కరిని కూడా పొరపాటున పెద్ద ఆపరేషన్‌కు పంపకూడదన్నది నా పట్టుదల.

ఇప్పుడు రెండో వైపు. ఈయూఎస్ కచ్చితంగా చెబుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. 2015లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 66 అధ్యయనాలను, 7,747 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. జబ్బు టి1-టి2లో ఉందా, టి3-టి4కు వెళ్లిందా అని వేరు చేయడంలో ఈయూఎస్ సెన్సిటివిటీ (ఉన్నదాన్ని ఉందని పట్టుకోవడం) 86 శాతం, స్పెసిఫిసిటీ (లేనిదాన్ని లేదని చెప్పడం) 90 శాతం. మంచి ఫలితమే. తొలిదశలో మ్యూకోసా, సబ్‌మ్యూకోసా తేడా పట్టుకోవడంలో స్పెసిఫిసిటీ 75కు పడిపోయింది. నోడ్ల విషయంలో సెన్సిటివిటీ 83, స్పెసిఫిసిటీ 67. అంటే నోడ్లకు పాకని వంద మందిలో 33 మందికి పాకిందని చెప్పే ప్రమాదం ఉంది. చిన్న సంగతి కాదు.

ఎందుకు తప్పుతుంది? పుండు చుట్టూ వాపు ఉంటుంది, మానిన పుండు కింద గట్టిపడిన మచ్చ ఉంటుంది. రెండూ క్యాన్సర్‌లాగే నల్లగా కనపడతాయి. దాంతో లోతు ఎక్కువ చెప్పేస్తాం. కొన్ని కణాలు మాత్రమే కిందికి జారితే ఏ ప్రోబ్‌కూ కనపడవు, అప్పుడు లోతు తక్కువ చెబుతాం. టి3కీ టి4ఏకీ మధ్య తేడా మరీ కష్టం, ఎందుకంటే సీరోసా అన్నది పల్చటి పొర, ఐదో చారలో కలిసిపోయి ఉంటుంది. కడుపు వంపు తిరిగే చోట్ల, పైలోరస్ (కడుపు చివరి ద్వారం) దగ్గర ప్రోబ్ నిటారుగా నిలవదు, ఏటవాలుగా చూస్తే ఉన్న గోడే మందంగా కనపడుతుంది.

నేనూ తప్పు చెప్పాను. ఏడెనిమిదేళ్ల కిందట ఒక ఆటో డ్రైవర్‌కు పుండు కింద నాలుగో చార చెదిరిపోయినట్టు కనపడి టి2 అని రాశాను. ఆయనకు కీమో మొదలుపెట్టారు. రెండో విడతలోనే తెల్ల రక్తకణాలు పడిపోయి పది రోజులు ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. తర్వాత ఆపరేషన్ చేస్తే, కండరం దగ్గర ఉన్నది పాత పుండు మచ్చ, క్యాన్సర్ సబ్‌మ్యూకోసాలోనే ఆగింది అని పాథాలజిస్టు చెప్పారు. అంత తక్కువ కీమోకు కండరంలో ఉన్నది ఆనవాలు లేకుండా పోయిందనుకోలేం. ఆయన ఇప్పుడు బాగున్నారు. కానీ ఆ పది రోజులు ఆ కుటుంబం పడ్డ అవస్థ నాకు గుర్తుంది. అప్పటినుంచి పుండు ఉన్న కేసుల్లో లోతు మీద నమ్మకం ఎంతో కూడా రిపోర్టులో రాస్తున్నాను, అనుమానం ఉంటే సీటీ చూసిన రేడియాలజిస్టుతో కూర్చుని మరీ రాస్తున్నాను. మీ నాన్నగారిదీ పుండే కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను.

మీ నోడ్ల సంగతికి వస్తే, 7-8 మి.మీ. అన్నది ఎటూ చెప్పలేని సైజు. గుండ్రంగా, నల్లగా, అంచు స్పష్టంగా, సెంటీమీటరు దాటి ఉంటే ఈయూఎస్‌లో అనుమానిస్తాం. ఈ నాలుగూ కలిసి రావడం అరుదు. పుండు వల్ల వాచిన మామూలు నోడ్లు కూడా ఉంటాయి, చిన్న నోడ్‌లో క్యాన్సరూ ఉండొచ్చు. సూదితో ముక్క తీయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. కడుపును ఆనుకుని ఉన్న నోడ్లను పొడవడం వల్ల చాలాసార్లు ప్రయోజనం ఉండదు. వాటిని ఎలాగూ ఆపరేషన్‌లో తీసేస్తారు, పైగా సూది పుండులోంచి పోతే ఫలితమే తప్పుదారి పట్టిస్తుంది. దూరంగా, ఛాతీ మధ్యలోనో, పొట్ట వెనక బృహద్ధమని పక్కన కిందుగానో నోడ్ అనుమానంగా ఉంటే అప్పుడు సూది తప్పనిసరి. అక్కడ క్యాన్సర్ తేలితే ఆపరేషన్ ఆలోచనే మారిపోతుంది.

ఈయూఎస్ చూడలేనిది చాలా ఉంది. ఇందాక చెప్పినట్టు దానిది దగ్గరి చూపు. లివర్ కుడి వైపు చివర్లు, ఊపిరితిత్తులు, పొట్ట లోపలి పొర పెరిటోనియం దానికి అందవు. అందుకే సీటీకి బదులు ఈయూఎస్, ఈయూఎస్‌కు బదులు సీటీ అన్న మాట లేదు. పెరిటోనియం మీద ఆవగింజల్లా చల్లినట్టుండే మచ్చలు సీటీకి కూడా చిక్కవు. టి3, టి4 అనుకున్నప్పుడు పెద్ద ఆపరేషన్‌కు గానీ కీమోకు గానీ ముందు లాపరోస్కోపీతో లోపల చూడమంటారు. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూసి, కాస్త నీళ్లు పోసి కడిగి ఆ నీటిని ల్యాబ్‌కు పంపుతారు. సర్జన్ అది కూడా చెబితే కంగారు పడకండి.

ఒక్కోసారి ఈయూఎస్ దీనికి దారి చూపిస్తుంది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక రైతుకు సీటీలో పొట్టలో నీరు లేదని ఉంది. నేను చూస్తుంటే కడుపు వెనకాల రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పల్చటి నీటి చార కనపడింది. సర్జన్‌కు ఫోన్ చేసి చెప్పాను. లాపరోస్కోపీ చేస్తే పెరిటోనియం నిండా మచ్చలు. పొట్ట కోసి మళ్లీ మూసేసే ఆపరేషన్ ఆయనకు తప్పింది. నేరుగా కీమోకు వెళ్లారు, ఏడాదిన్నర పైగా ఇంటి పట్టున తిరిగారు, ఆ మధ్యలో కూతురి పెళ్లి కూడా చేశారు.

పెట్ స్కాన్ గురించి కూడా చాలామంది అడుగుతారు, ఒంటినంతా చూస్తుంది కదా అని. దూరంగా పాకిందేమో చూడటానికి కొందరికి ఉపయోగమే. గోడ లోతు మాత్రం అది చెప్పదు. పైగా సిగ్నెట్ రింగ్ అనే రకంలో పెట్‌లో వెలుగు సరిగా రాదు. మీ ముక్క పరీక్ష రిపోర్టులో ఆ మాట ఉందేమో చూడండి.

ఈయూఎస్ అక్కర్లేని వాళ్లూ ఉన్నారు. సీటీలోనే లివర్‌కు పాకిందని తేలితే, గోడ దాటి క్లోమంలోకి వెళ్లిందని స్పష్టంగా ఉంటే, లోతు కొలిచి చేసేదేం లేదు. పోయిన వర్షాకాలంలో ఒక కుటుంబం ఖమ్మం నుంచి అప్పు తెచ్చుకుని ఈ పరీక్షకు వచ్చారు. సీటీ చూస్తే లివర్‌లో నాలుగు గడ్డలు. పరీక్ష చేయకుండా కూర్చోబెట్టి మాట్లాడి, ఆంకాలజిస్టు దగ్గరికి పంపాను. గొట్టం పోలేనంతగా దారి మూసుకుపోయినా ఈయూఎస్ కుదరదు, అంత ఇరుకైందంటేనే చాలావరకు జబ్బు లోతుగా ఉన్నట్టు. కీమో అయ్యాక మళ్లీ ఈయూఎస్ చేసి ఎంత తగ్గిందో చూడమంటే కూడా నేను ప్రోత్సహించను. చచ్చిన క్యాన్సర్ మిగిల్చిన మచ్చకూ బతికున్న క్యాన్సర్‌కూ తేడా దానికి తెలియదు. దానికి సీటీయే మేలు.

ఇక పరీక్ష రోజు. యాంట్రమ్‌లో పుండు ఉన్నవాళ్లకు కడుపు త్వరగా ఖాళీ అవ్వదు. ముందురోజు మధ్యాహ్నం నుంచి పల్చటి జావ, మజ్జిగ, కొబ్బరినీళ్లే ఇవ్వండి, పరీక్షకు ముందు కనీసం ఎనిమిది గంటలు ఏమీ వద్దు. మీ వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వస్తూ నార్కట్‌పల్లి దగ్గర చాయ్ తాగేసి వచ్చేవాళ్లు చాలామంది. పాలు కలిసిన చాయ్ తాగితే ఆ రోజు పరీక్ష వాయిదా వేయక తప్పదు, ఎందుకంటే మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. వీలైతే ముందురోజు రాత్రే హైదరాబాద్ వచ్చేయండి. షుగర్ బిళ్లలు, ఇన్సులిన్ ఆ పొద్దున ఎలా తీసుకోవాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే చెప్పండి, మీకు మీరుగా ఆపేయకండి. మత్తు ఇస్తాం కాబట్టి నొప్పి తెలియదు, అరగంట పని, సాయంత్రానికి పంపించేస్తారు. గొంతు ఒకరోజు గరగరగా ఉంటుంది. కడుపుకు చిల్లి పడటం లాంటివి చాలా అరుదు, కానీ పరీక్ష తర్వాత విపరీతమైన నొప్పో జ్వరమో వస్తే వెంటనే తీసుకురావాలి.

ఎక్కడ చేయించాలన్నది మీరు అడగలేదు, అయినా చెబుతాను. నోడ్‌లోంచి, క్లోమంలోంచి ముక్కలు తీసేవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు. కడుపు గోడ లోతు చదవడం వేరే నేర్పు. 'కడుపు క్యాన్సర్ స్టేజింగ్ ఎన్నాళ్లుగా చేస్తున్నారు, తర్వాత ఆపరేషన్ రిపోర్టుతో పోల్చి చూసుకుంటారా' అని అడగండి. అడగడంలో తప్పు లేదు, నన్ను అడిగినా సంతోషిస్తాను. డబ్బు ఇబ్బంది ఉంటే పంజాగుట్టలోని నిమ్స్‌లో గానీ, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో గానీ ముందు చూపించుకోండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. ఏ పరీక్ష దాని కిందకి వస్తుంది, ఏది రాదు అన్నది ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగి, బిల్లు కట్టకముందే తేల్చుకోండి. మత్తు డాక్టర్ ఫీజు, సూది ఖరీదు విడిగా వేస్తారేమో కూడా అడగండి.

రిపోర్టు చేతికొచ్చాక అందులో టి ఎంత, ఏ చార వరకు, నోడ్లు ఎన్ని, ఎక్కడ, పొట్టలో నీరుందా, లివర్ ఎడమ భాగం ఎలా ఉంది అన్నవి ఉన్నాయో లేదో చూడండి. 'గోడ మందంగా ఉంది' అని మాత్రమే రాసి వదిలేస్తే తిరిగి పంపి రాయించుకోండి. సీటీ ఫిల్ములు, సీడీ, ఎండోస్కోపీ బొమ్మలు, ముక్క పరీక్ష రిపోర్టు అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లండి. సర్జన్, కీమో డాక్టర్, రేడియాలజిస్టు కలిసి కూర్చుని నిర్ణయించే ట్యూమర్ బోర్డు ఆ ఆస్పత్రిలో ఉంటే మీ నాన్నగారి కేసును అందులో పెట్టమని అడగండి.

ఈ వారం రోజులూ ఆయన తిండి మీ చేతుల్లో ఉంది. కీమో అయినా, ఆపరేషన్ అయినా బరువు పడిపోయిన మనిషికి కష్టమవుతుంది. మూడు పూటలా పళ్లెం నిండా పెట్టి తినమంటే ఆయన తినలేరు. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి: మెత్తగా ఉడికించి నెయ్యి వేసిన పప్పన్నం, గుడ్డు, పెరుగు, రాగి జావలో పాలు. పచ్చళ్లు, పీచు ఎక్కువున్న కూరలు ప్రస్తుతానికి వద్దు. రోజు విడిచి రోజు పొద్దున్నే బరువు చూసి ఒక కాగితం మీద రాసి ఆ సంచిలోనే పెట్టండి. సర్జన్ ముందు అడిగేవాటిలో అదొకటి.